రెండు పేటల ఊలు

మా అమ్మ జన్మంతా లేసు అల్లింది గానీ, దారం ఎలా ఉండాలో ఆమెని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నరసాపురానికి కాస్త ఎడంగా ఉన్న మా ఊరికి ఏజెంటు సైకిలు మీద వచ్చేవాడు. హ్యాండిల్‌కి రెండు సంచులు. ఒకదాంట్లో అతను పంచే తెల్ల నూలు ఉండలు, ఇంకోదాంట్లో తిరిగి తీసుకుపోయే లేసు. ఏ నంబరు దారమో, ఏ నమూనానో, ఎన్ని పువ్వులో అతనే చెప్పేవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్లు అరుగుల మీద కాళ్లు చాపుకుని కూర్చునేవారు. పువ్వులు అల్లే చేతిపని కొందరిది, వాటిని కలిపే అతుకుపని కొందరిది. ఆ లేసు ఏ దేశంలో ఎవరి బల్ల మీదకి పోతుందో ఎవరికీ పట్టేది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో ఈ నరసాపురం లేసు మనుషుల మీదే ఒక పుస్తకం వేసింది. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారు చేస్తున్న ఆడవాళ్లని, ఏదో ఇంటిపట్టున కాలక్షేపం చేసుకుంటున్నారని లెక్క కట్టేస్తున్నారన్నది ఆవిడ ఫిర్యాదు. 2024లో ఆ లేసుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అప్పటికి అమ్మ లేదు.

నేను చెప్పబోయేది 1988 చలికాలం సంగతి. మావారి ఉద్యోగం వల్ల అప్పుడు ఢిల్లీలో సరోజినీ నగర్ క్వార్టర్లలో ఉండేవాళ్లం. దీపావళి దాటిందంటే చాలు, ఆ ఊళ్లో ఆడవాళ్ల చేతుల్లో సలాయిలు, అంటే ఊలు అల్లే సూదులు, మొలిచేవి. బస్సులో, రేషను లైన్లో, ఆఫీసు పచ్చికల మీద లంచ్ టైములో, ఎక్కడ చూసినా అల్లికే. మా పక్కింటి పంజాబీ పెద్దావిడని అందరూ బీజీ అనేవారు. నాకు సీధా కుట్టు, ఉల్టా కుట్టు నేర్పింది ఆవిడే. లేసు సూది ఒకటే, కొక్కెంతో ఒక్కో కుట్టూ ముగించుకుంటూ పోతాం. సలాయిలు రెండు, కుట్లన్నీ ప్రాణంతో సూది మీదే ఉంటాయి, ఒకటి జారితే కింద దాకా నిచ్చెన దిగినట్టే. ఇంకో తిరకాసు నంబర్లు. మన దేశంలో సలాయిలకి పాత ఇంగ్లీషు లెక్కే నడిచేది, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు నాలుగు మిల్లీమీటర్లు, 11 నంబరు మూడు. నా మొదటి జత మీద పోనీ అని రాసి ఉండేది. అది ఊటీ దగ్గర కేత్తిలో తయారవుతుందని తెలిసి మురిసిపోయాను, దక్షిణాది సరుకని.

ఆ ఏడు దసరాలకి అమ్మ గ్రాండ్ ట్రంక్‌లో వచ్చింది. సంచీలో కజ్జికాయలు, గోంగూర పచ్చడి, వాటి కింద ఏజెంటు ఇచ్చిన దారం. పని ఒప్పుకుంది కదా, ఢిల్లీ అయితే ఏం, మధ్యాహ్నం అయ్యేసరికి మా వెనక పచ్చిక మీద బీజీ పక్కన కూర్చుని లేసు తీసేది. వాళ్లిద్దరికీ ఉమ్మడి భాషంటూ లేదు. బీజీ పంజాబీ హిందీలో మాట్లాడేది, అమ్మ అచ్చ గోదావరి తెలుగులో బదులు చెప్పేది, ఇద్దరూ అవతలివాళ్లకి అర్థమైందనే ఖాయం చేసుకునేవారు.

"బెహన్‌జీకి ఒక స్వెట్టర్ వేసి పంపు," అంది బీజీ నాతో.

"స్వెట్టరా? మన ఊళ్లో నేను స్వెట్టరేసుకు తిరిగితే కుర్రాళ్లు రాళ్లుచ్చుకుంటారే," అంది అమ్మ.

నిజమే. గోదావరి డెల్టాలో స్వెట్టరు పడేంత చలి ఎప్పుడుంది గనక? కానీ నెలగంట పెట్టాక తెల్లవారుజామున తలస్నానం చేసి, తడి జుట్టుతో మంచులో గుడికి పోతారు. ధనుర్మాసం ముప్ఫై రోజులూ అదే వరస. ఆ గంటసేపు చలి చలే. పొద్దెక్కాక మళ్లీ చెమటలు. కాబట్టి కావలసింది దుప్పటి కాదు, మందపాటి శాలువా కూడా కాదు. నూలు చీర మీద నుంచి జారకుండా కూర్చోవాలి, గుళ్లోంచి బయటికొచ్చాక మడిచి చంకలో పెట్టుకుంటే ప్రసాదం దొన్నెకి అడ్డం రాకూడదు. బీజీ దానికి అక్కడికక్కడే పేరు పెట్టేసింది, జాలీ షాలు. చిల్లుల షాలు.

"నీకు నచ్చిన ఊలు నువ్వే చూసుకో అమ్మా," అన్నాను.

"నాకేం తెలుసే? ఏదో ఒకటి తే." ఆ మాట అనడానికి అలవాటు పడిపోయిన గొంతు అది. నేను వినలేదు. ముగ్గురం కలిసి కరోల్ బాగ్ బస్సెక్కాం.

అప్పట్లో ఊలు కొట్టంటే గోడ మొత్తం రంగులు. లూధియానా మిల్లుల ప్యాకెట్లు ఇంటి కప్పు దాకా. సగానికి పైగా యాక్రిలిక్కే, దాన్ని జనం కాష్మిలాన్ అనేవారు. పేరులో కాశ్మీరు లాంటిదేదో వినిపిస్తుంది గనక ఉన్నే అనుకుని కొనేవాళ్లు బోలెడు మంది. కొట్టతను మాకు ఒక మెత్తటి తెల్లటి లచ్ఛీ, అంటే ఊలు చుట్ట, తీసి, ప్యూర్ వూల్, అన్నాడు. బీజీ ఏమీ అనలేదు. పోగు ఒకటి తెంపి, అతని గల్లాపెట్టె మీదున్న అగ్గిపెట్టె అందుకుంది. పోగు అంటుకుని, ముడుచుకుపోయి, నల్లగా కరిగి, చుక్కగా అద్దం బల్ల మీద పడింది. చల్లారాక గోటితో గీకితే గట్టి పూస. ప్లాస్టిక్ కంపు. అతను కిక్కురుమనకుండా లోపలికెళ్లి వేరే పెట్టె తెచ్చాడు. ఈసారి పోగు చిటపటమంది, మంట దానంతటదే ఆరిపోయింది, వేలితో నలిపితే బూడిద పొడి అయింది.

"జుట్టు కాలిన కంపు," అంది అమ్మ. అని, కాసేపాగి, "గుళ్లో హారతి పళ్లెం అందరి మీద నుంచీ తిప్పుతారే. ఆ కరిగేది నాకొద్దు," అంది. ఆ రోజు ఆమె ఎంపిక మొదలైంది అక్కడే. అంత సూటి కారణం నాకు తోచనే లేదు, నేను రంగులు చూసుకుంటున్నాను.

తర్వాత ఒరపిడి పరీక్ష. ఊలు మెత్తనా గరుకా అని చేత్తో పట్టి చూస్తారు అందరూ. చెయ్యి మొద్దు, దానికేం తెలుస్తుంది? బీజీ లచ్ఛీని మెడ పక్కన, చెవి కింద రాసి చూసేది. అక్కడ కుట్టకపోతే ఎక్కడా కుట్టదు. ఊలు గుచ్చుకునేది వెంట్రుక మందాన్ని బట్టి. ముప్ఫై మైక్రాన్లు దాటిన వెంట్రుక కొస ఒంగదు, సూదిలా చర్మంలోకి పొడుస్తుంది. మెరీనో గొర్రెది ఇరవై చిల్లర ఉంటుంది, పష్మీనా పన్నెండు నుంచి పదహారు. మన దక్కనీ గొర్రె ఉన్ని గొంగళికి బ్రహ్మాండం, వాన నీరు దిగనివ్వదు, కానీ మెడకి చుట్టుకునేది కాదు. ఇక నెల్లూరు గొర్రెకి ఉన్నే ఉండదు, ఉత్త వెంట్రుక. కోస్తా మనుషులకి ఊలు కొత్త కావడంలో ఆశ్చర్యమేముంది?

కొట్టతను ఇంక వదల్లేదు. మోహైర్ చూపించాడు, అంగోరా మేక బొచ్చు, చుట్టూ మంచు పట్టినట్టు నూగు. తేలిక, వెచ్చన, చూడముచ్చట. బీజీ తల అడ్డంగా ఊపింది. నూగు చిల్లుల్ని కప్పేస్తుంది, ఇక జాలీ అల్లి లాభమేంటి? పైగా ఒక కుట్టు తప్పితే విప్పడం బ్రహ్మతరం కాదు, పోగులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. కులూ వైపు నుంచి వచ్చిన కుందేలు అంగోరా కూడా తీశాడు. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలియదు, వేడి మాత్రం వెంటనే తెలుస్తుంది. అమ్మ దాన్ని కొంగు మీద రాసింది. ఎర్ర నేత చీర మీద తెల్ల బొచ్చు చార.

"గొంగట్లో తింటూ వెంట్రుకలేరుకున్నట్టు, ఇది కప్పుకుని ప్రసాదం తినాలా?"

పష్మీనా ధర అడిగి, మర్యాదగా వెనక్కి ఇచ్చేశాం.

చివరికి బల్ల మీద మిగిలినవి రెండు మెరీనో లచ్ఛీలు, రెండూ రెండు పేటలవే, రంగు వేయని మీగడ తెలుపు. నా కంటికి రెండూ ఒకటే. అప్పుడు అమ్మ వాటిలో ఒకదాంట్లోంచి బారెడు పోగు లాగింది. రెండు కొసలూ ఒకచోట పట్టుకుని, మధ్య భాగాన్ని గాల్లోకి వదిలేసింది. పోగు గిరగిరా తిరిగి తనని తానే తాడులా పేనుకుంది. రెండో లచ్ఛీలోంచి తీసిన పోగు అలా చెయ్యలేదు, ఒకసారి బద్ధకంగా కదిలి, ఊయల తాడులా నిమ్మళంగా వేలాడింది.

"ఆ మొదటిదానికి పురి ఎక్కువైంది. అల్లితే ముక్క పక్కకి వాలిపోతుంది. నువ్వెంత సాగదీసినా మూల మూల కాదు." రెండో పోగుని రెండు గోళ్ల మధ్య పేటలు విడదీసి చూసింది, మళ్లీ కలిపి వేళ్లతో నలిపింది, నూగు లేస్తుందేమోనని వెలుతురుకి పెట్టి చూసింది, పట్టున లాగి తెంపింది. "ఇది తీసుకో."

కొట్టతను నా వైపు చూసి, మాజీ ఏమంటున్నారు, అన్నాడు. నేను చెప్పేలోపే బీజీ చెప్పేసింది, పురి అన్న తెలుగు మాట ఒక్కటీ తప్ప తక్కినదంతా ఆవిడకి కళ్లతోనే అర్థమైపోయింది.

ఎంత కొనాలన్నది ఇంకో చిక్కు. ఆ రోజుల్లో లేబుల్ మీద బరువే ఉండేది. షాలుకి కావలసింది బరువు కాదు, పొడవు. అదే బరువుకి యాక్రిలిక్ పోగు పొడుగ్గా వస్తుంది, నూలు పోగు పొట్టిగా వస్తుంది. నూలు సాంద్రత ఘన సెంటీమీటరుకి 1.5 గ్రాములు, ఊలుది 1.3, యాక్రిలిక్‌ది 1.2కి కొంచెం తక్కువ. అందుకే నూలు దారంతో పెద్ద షాలు అల్లితే భుజం నొప్పి. బీజీ లచ్ఛీని చేత్తో ఎగరేసి పట్టుకుని, 150 గ్రాములు చాలు, అంది. అమ్మ 200 కొనమంది. ఏజెంటు దారం ఎప్పుడూ బొటాబొటిగానే ఇచ్చేవాడట, ఆఖరి పువ్వు దగ్గర గుండె దడ.

కొన్నంత మాత్రాన మొదలుపెట్టనివ్వలేదు బీజీ. మచ్చు ముక్కలు అల్లమంది. అరచెయ్యంత ముక్క 11 నంబరు మీద ఒకటి, 8 నంబరు మీద ఒకటి. పోల్చి చూడ్డానికి ఇంట్లో పడున్న కాష్మిలాన్‌తో ఇంకోటి. అమ్మ ఊరుకోలేక తన నూలు దారంతో సూది మీద ఒక చదరం చేసి పక్కన పెట్టింది. అన్నిటినీ గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తువ్వాలులో ఒత్తి, పరుపు మీద సాగదీసి గుండుసూదులు గుచ్చాం. ఆరాక సూదులు తీస్తే కాష్మిలాన్ ముక్క పాత ముడతల్లోకి వెళ్లిపోయింది. నూలు చదరం అందంగానే ఉంది, కానీ ఎత్తి పట్టుకుంటే బరువుకి వేలాడిపోయింది. 11 నంబరు మీద అల్లిన ఊలు ముక్క మందంగా, బనీను గుడ్డలా వచ్చింది. 8 నంబరుది మాత్రం గుచ్చినప్పుడు ఎంతుందో అంతే ఉండిపోయింది, ఒక్కో చిల్లూ కన్ను తెరిచినట్టు. సన్నటి ఊలుకి లావు సూది వాడటమే జాలీలో కిటుకు. ఊలు తడిస్తే మెత్తబడుతుంది, ఆరితే ఏ రూపంలో ఉంచామో ఆ రూపం పట్టుకుంటుంది.

చిల్లుల షాలు వెచ్చగా ఎలా ఉంటుందని మావారి సందేహం. ఇంజనీరు గారు, వారికి చిల్లు అంటే చలి వచ్చే దారి. కానీ వెచ్చదనమంతా ఊలు వెంట్రుకలోని వంకీల మధ్య ఇరుక్కున్న గాలిది. కదలని గాలిని ఎంత పట్టి ఉంచితే అంత వెచ్చన. స్కాట్లాండుకి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో, అందులోనూ అన్‌స్ట్ అనే కొసదీవిలో, ఆడవాళ్లు సాలెగూడంత పలచగా శాలువాలు అల్లారు. రష్యాలో ఓరెన్‌బుర్గ్ వాళ్లు మేక మెత్తటి బొచ్చుని పట్టుపోగుతో కలిపి అల్లారు. రెండు చోట్లా గొప్ప షాలుకి పరీక్ష ఒకటే, పెళ్లి ఉంగరంలోంచి దూరిపోవాలి. ఆ రెండూ మన ఢిల్లీ కంటే చలి దేశాలే మరి.

నమూనా షెట్లాండ్‌దే, అలల నమూనా. అది అక్కడిదని బీజీకి తెలియదు, ఆవిడ పుట్టింట్లో అందరూ అల్లేదే. 18 కుట్లకి ఒక అల. మొదటి ఆరు కుట్లని రెండేసి చొప్పున కలిపి మూడు చెయ్యాలి, తర్వాత ఆరు కుట్లలో ప్రతిదానికీ ముందు దారం ఒక చుట్టు వేసుకోవాలి, ఆఖరి ఆరింటిని మళ్లీ మూడు చెయ్యాలి. పోయినన్ని వస్తాయి, లెక్క పద్దెనిమిదికి పద్దెనిమిది. నాలుగు వరసల్లో ఈ లెక్క ఉండేది ఒక్క వరసలోనే, మిగతా మూడూ కబుర్లు చెప్పుకుంటూ అల్లేయొచ్చు. అలలు ఐదు, అంచులకి మూడేసి, మొత్తం 96 కుట్లు. బీజీ ఇంకో జాగ్రత్త చెప్పింది. కొన్ని అలలకోసారి ఎర్ర కుట్టుదారం ఒకటి కుట్లన్నిటిలోంచీ దూర్చి వదిలేయాలి. పైన ఏ కుట్టు జారినా నష్టం ఆ ఎర్రగీత దగ్గర ఆగిపోతుంది.

అమ్మకి సలాయిలు పట్టడం రాదు. నేర్చుకోనూ లేదు. కానీ గది అవతల వత్తులు చేసుకుంటూ కూర్చుని, "నాలుగో అలలో ఒక చిల్లు తక్కువొచ్చింది చూడు," అనేది. చూస్తే వచ్చేది.

లచ్ఛీ మారినప్పుడు మాత్రం పెద్ద గొడవే అయింది. ఊలు కొసల్ని ముడి వెయ్యకుండా కలపొచ్చు. రెండు కొసల్లోనూ పేటలు విప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టి, తడి చేసి, రెండు అరచేతుల మధ్య గట్టిగా రాపాడిస్తే పోగులు పెనవేసుకుని ఒకటైపోతాయి. యాక్రిలిక్ అలా అతకదు. బీజీ అలవాటు ప్రకారం అరచేతిలో తుపుక్కున ఉమ్మి రుద్దబోయింది. అమ్మ ఒక్క ఉదుటున లేచింది. "ఎంగిలి! గుడికి కట్టుకుపోయేదమ్మా అది!" తెలుగే, కానీ బీజీకి పూర్తిగా అందింది. నవ్వి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, గిన్నెలో నీళ్లు తెమ్మంది. నీళ్లతోనూ అంతే బాగా అతికింది.

అంచు అమ్మ చేసింది. మిగిలిన ఊలుతో, తన లేసు సూదితో. సూది పని సాగదు, అంచు బిగుసుకుపోయి షాలు గిన్నెలా వంగుతుందని బీజీ భయం. అమ్మ అంచంతా వదులు గొలుసుల ఉచ్చులే పెట్టింది. చివర్లో సాగదీసేటప్పుడు ఒక్కో ఉచ్చులో ఒక్కో గుండుసూది, అంతే, వేరే కొలతలు అక్కర్లేకపోయాయి. ఆ రోజు రెండు పడకల మీద దుప్పట్లు పరిచి, మధ్యాహ్నం దాకా ముగ్గురం మోకాళ్ల మీద. సలాయి మీంచి దించినప్పుడు నలిగిన గుడ్డపేలికలా ఉన్నది, ఆరేసరికి జానెడు వెడల్పూ మూరెడు పొడవూ పెరిగింది. కిరాణా కొట్టు త్రాసులో వేస్తే 120 గ్రాములకి ముల్లు అటూ ఇటూ ఊగింది. మిగిలిన ఊలు చూసి, నేను చెప్పలేదూ అన్నట్టు బీజీ అమ్మని ఒక చూపు చూసింది.

ఉంగరం పరీక్ష పెట్టాం. సగం దాకా వచ్చి ఆగిపోయింది. అమ్మ చేతి గాజులోంచి మాత్రం సర్రున దూరిపోయింది. నాకు అంతే చాలనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. ఉంగరంలోంచి దూరేంత సన్నటి షాలు పెట్టెలో దాచుకోడానికి బాగుంటుంది. నల్లపూసలూ, చీర పిన్నూ, మనవల గోళ్లూ ఉన్న మనిషి రోజూ కప్పుకునేది కాస్త గట్టిగా ఉండాలి.

నెలగంటకి ముందే అమ్మ ఊరు చేరింది. సంక్రాంతి వెళ్లాక ఉత్తరం వచ్చింది. షాలుని కుంకుడు రసంలో ఉతికిందట, పిండకుండా, ఒత్తి, నీడన చాప మీద ఆరేసిందట. సబ్బు కంటే ఊలుకి అదే మేలని బీజీ కూడా ఒప్పుకుంది, వాళ్లూ రీఠాతోనే ఉతుకుతారు. పెట్టెలో కలరా ఉండలు, ఎండిన వేపాకు వేసి దాచిందట. గుళ్లో పూజారి గారి భార్య పట్టుకు చూసి పట్టా అని అడిగిందట. ఏజెంటు కూడా చూసి, ఇది ఏ నంబరు దారం అని అడిగితే, దీనికి నంబరు లేదని చెప్పిందట.

ఉత్తరం చివర కార్డు అంచున ఇరికించి రాసింది. తెలుపు దీపం మసికి మాసిపోతోంది, ఈసారి నేరేడు పండు రంగు కావాలి, రెండు పేటలదే, పురి చూసి తీసుకోమని, లేసు డబ్బులు రాగానే మనియార్డరు చేస్తానని. చేసింది కూడా. ఆ రంగులో రెండు పేటల ఊలు కరోల్ బాగ్‌లో దొరకలేదు. లూధియానాలో ఉన్న తమ్ముడి కొడుకుతో బీజీ తెప్పించింది, తెచ్చినవాడికి దారి ఖర్చులంటూ నా దగ్గర ఐదు రూపాయలు ఎక్కువ వసూలు చేసింది.